మందకు కొమ్మిస్తే మందు

తెలుగువాడు పురుగులకు పెట్టినన్ని పేర్లు పువ్వులకైనా పెట్టాడో లేదో అని నాకు అప్పుడప్పుడూ అనుమానం వేస్తుంది. పిల్లవాడు నిద్రలో పళ్ళు కొరికితే నులిపురుగులంటాం. వానపాములా తెల్లగా, పొడుగ్గా పడేది ఏలికపాము. నవారు పట్టీలా అరలరలుగా ఉండేది బద్దెపురుగు. చెప్పులు లేకుండా పొలం వెళ్ళినవాడి పాదంలోంచి దూరి నెత్తురు తాగేది కొంకిపురుగు. సంస్కృతం చదువుకున్న వైద్యులు ఈ గొడవంతా ఎందుకని అన్నిటినీ ఒకే తాటికి కట్టి ‘‘క్రిమి’’ అనేస్తారు. గొర్రెల కాపరి మాత్రం వీటిలో ఏ మాటా వాడడు. గొర్రె కడుపులో పడినవి అతనికి నట్టలు. పశువుల ఆసుపత్రి గోడమీద ప్రభుత్వంవారు వ్రాయించేది కూడా ఆ మాటే: నట్టల నివారణ కార్యక్రమం. ఈ నట్టలకూ, చెరువు ఒడ్డున పాకే నత్తలకూ మాటలోనే గాక వ్యవహారంలోనూ కాస్త బంధుత్వముంది. అది తరువాత మనవి చేస్తాను.

‘‘పక్కపేజీలో సీరియలు కథానాయిక పెళ్ళిపీటలమీద కూర్చుని ఉంటే, ఈ పంతులుగారు గొర్రె కడుపులో దూరారేమిటి?’’ అని మీరు విసుక్కోవచ్చు. గొర్రె మనకంత దూరపు చుట్టం కాదండీ. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో ఒక కోటీ 90 లక్షల గొర్రెలున్నాయి. దేశంలో మొదటి స్థానం వారిది. రెండవ స్థానం ఒక కోటీ 76 లక్షలతో ఆంధ్రప్రదేశ్‌ది. దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం మన రెండు రాష్ట్రాల్లోనే మేస్తున్నాయన్నమాట. ఇంకో సంబంధం కూడా ఉంది. 2015 నుంచీ ఏటా ఫిబ్రవరి 10న మీ పిల్లలకు బళ్ళో ఒక మాత్ర ఇచ్చి నమిలిస్తున్నారు గదా, ఆల్బెండజోలు? అది మొదట తయారైంది పశువులకోసం. అక్కడ గుణం చూపాకనే మనుషులదాకా వచ్చింది. ఈ విషయంలో గొర్రె మనకన్నా పెద్దది.

ఇక అసలు సంగతి. బి.ఏ. రెండో సంవత్సరం చదివే కుర్రాడొకడు కిందటి వానాకాలంలో మూడు వారాలపాటు క్లాసుకు రాలేదు. తరువాత వచ్చినవాడు హాజరు గురించి బతిమాలుకోకుండా, గుడ్డలో చుట్టిన పొడుగాటి పద్దుపుస్తకం ఒకటి నా బల్లమీద పెట్టాడు. ‘‘సార్, గిండ్ల మా ముత్తాత జీవాల మందులు రాసిండు. గీ అంకెలు మా ఇంట్ల ఎవ్వలికీ సమజైతలేవు. జర చదివి చెప్పుండ్రి’’ అన్నాడు. వాళ్ళు కురుమలు. మంద 42 జీవాలు. వానలు పట్టిన నెలలోనే తొమ్మిది చచ్చిపోయాయి. దుకాణంలో నట్టల మందు కొనుక్కొచ్చి రెండుసార్లు పోశారు. గుణమివ్వలేదు. ఆ మందే వాడి ఫీజు, చెల్లెలి పెళ్ళి, ఇంటి రేకులు అన్నీను. (‘‘మందే’’ అన్నాను, ఇక్కడ నా ఉద్దేశం గొర్రెల మంద. దకారానికి కొమ్మిస్తే మందు. ఈ రెండు మాటలకూ మధ్య ఉన్నది ఒక్క కొమ్మే. ఆ కుర్రాడి ఇంట్లో ఆ నెలంతా రెండింటికీ తేడా లేకపోయింది.)

పుస్తకం ముచ్చటైన దస్తూరీ. మోదుగ గింజలు, వాయువిడంగాలు, వేపచెక్క, దానిమ్మవేరు పట్ట, పోకవక్క, పొగాకు కాడ, మైలుతుత్తం. పేర్లు చదవడానికి ఎవరూ అక్కరలేదు. చిక్కంతా కొలతల్లో ఉంది. ఒకచోట తులం, ఒకచోట గిద్దెడు, మరొకచోట పిడికెడు, ఇంకొకచోట ‘‘రేగుపండంత’’. తులమంటే పదకొండున్నర గ్రాముల పైచిలుకని చెప్పవచ్చు. పిడికెడంటే ఎవరి పిడికిలి? వ్రాసినాయన గొంగడి నేసిన చేతుల పిడికిలా, ఈ కుర్రాడి పిడికిలా? రేగుపండంటే కంపరేగా, పెద్దరేగా? ఆపైన పాతకాలపు భిన్నాల గుర్తులు. వీసమంటే పదహారో వంతు, కాలంటే నాలుగో వంతు. ఒకదాన్ని ఇంకొకటిగా చదివితే మోతాదు నాలుగింతలవుతుంది. వేపచెక్క విషయంలో ఫరవాలేదు. పొగాకు విషయంలో గొర్రె లేవదు.

ఇక్కడ నాకు తెలుగు పంతులుగా ఒక పట్టింపు ఉంది. నాటువైద్యం పుస్తకం చేతికి రాగానే అందరూ నామవాచకాలు చదువుతారు. ఏ మొక్క, ఏ గింజ అని. చదవవలసినవి క్త్వార్థకాలు: నూరి, కాచి, నానబెట్టి, వడగట్టి. దీనికి సాక్ష్యం చైనాలో ఉంది. తూ యూయూ అనే శాస్త్రజ్ఞురాలు మలేరియా మందుకోసం ఆర్టెమీసియా జాతి మొక్క ఒకదాన్ని పరీక్షిస్తూ ఉంటే ఒకసారి పనిచేసింది, ఒకసారి చెయ్యలేదు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గే హోంగ్ వ్రాసినది మళ్ళీ తీసి చదివింది. ఆయన ఆకును నీళ్ళలో నానబెట్టి, పిండి రసం తీయమన్నాడు. కాచమనలేదు. కాస్తే గుణం పోతోందని ఆమెకు తట్టింది. వేడి తగలకుండా 1971లో తీసిన సారమే పనిచేసింది. ఆ ఒక్క క్రియాపదానికి 2015లో నోబెల్ బహుమానంలో సగం వచ్చింది. మిగతా సగం ఎవరికి వచ్చిందో కూడా మన కథలోదే. దానికీ వస్తాను. ఈ ఆర్టెమీసియా మనకు పరాయిది కాదు. మన మాచిపత్రీ, దవనమూ ఆ జాతివే. వెనుకటి తరంలో పిల్లల ఏలికపాములకు ఆముదంతో కలిపి ఇచ్చిన శాంటోనిన్ కూడా ఆ జాతి మొగ్గల్లోంచి తీసిందే. అది పుచ్చుకున్న పిల్లలకు లోకం కాసేపు పచ్చగా కనబడేది.

ఇక పుస్తకంలోని మొక్కల మాట. వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మోదుగ. కావ్యాల్లో దాన్ని కింశుకమంటారు. పువ్వును చూసి ‘‘ఇది చిలుకా ఏమిటి?’’ అని అడిగినట్టు ఆ పేరు. విస్తళ్ళు కుట్టుకునే ఆకు, హోళీకి రంగిచ్చే పువ్వు. కాయకొక్క గింజ, అదీ కాయ కొసన, పలచగా, గోధుమరంగులో ఉంటుంది. ఆ గింజలో పలాసోనిన్ అనే పదార్థం పురుగులకు విషం. ఇది ఊరిమాట కాదు. పాకిస్తాన్‌లోని ఫైసలాబాదు శాస్త్రజ్ఞులు గొర్రెలకు మోదుగ గింజల పొడి పెట్టి, పెంటికల్లో పురుగుల గుడ్లు లెక్కపెట్టి 2006లో ప్రకటించారు. కిలో బరువుకు 3 గ్రాముల లెక్కన పెడితే, పదో రోజుకు గుడ్లు నూటికి 78 వంతులు తగ్గాయి. అదే పరీక్షలో లెవమిసోలు అనే ఆధునిక ఔషధం 99 వంతులు తగ్గించింది. 78 చిన్నదేమీ కాదు, మా కాలేజీలో అది డిస్టింక్షను మార్కు. అయితే 25 కిలోల గొర్రెకు 75 గ్రాముల పొడి కావాలి. మందలో మిగిలిన 33 జీవాలకు రెండున్నర కిలోలకు దగ్గరగా. కాయకొక్క గింజ చొప్పున ఏరి, ఎండబెట్టి, దంచాలి. ముత్తాతగారి పుస్తకంలోని మోతాదును నేను గ్రాముల్లోకి దించి చూస్తే, ఎంత పెద్ద పిడికిలి వేసుకున్నా ఇందులో సగానికి రాలేదు.

వాయువిడంగాలకు సంస్కృతంలో క్రిమిఘ్నమనే బిరుదుంది. మిరియాల్లా ఉంటాయి. పచారీకొట్టులో అడిగితే ఏదో ఒక నల్లగింజ కట్టి ఇస్తారు, అది విడంగమే అన్న పూచీ లేదు. కెన్యాలో విడంగాలకు దగ్గరి చుట్టాలైన రెండు మొక్కల పండ్లను అక్కడి పశుపాలకులు తరాలుగా పురుగులకు వాడుతున్నారు. 2002లో గొర్రెలమీద లెక్కగా పరీక్షించి చూస్తే పురుగులు తగ్గలేదు. మన వేపకూ బ్రెజిల్‌లో ఇదే అనుభవం. ఎండిన వేపాకు గొర్రెలకు పెట్టారు, లెక్కలో తేడా రాలేదు. వెల్లుల్లి, బొప్పాయి గింజలు కూడా మేకలమీదా, గొర్రెపిల్లలమీదా పనిచెయ్యలేదని అమెరికాలో 2009లో తేలింది. వేపచెట్టు కింద పుట్టి పెరిగిన మనకు ఈ మాట మింగుడుపడదు. ఆ వేపరసమే గాజుకుప్పెలో పురుగుల గుడ్లమీద పోస్తే గుణం కనిపిస్తుంది. కాని గొర్రె గాజుకుప్పె కాదు. దాని పొట్ట నాలుగు గదుల ఇల్లు. మొదటి గది కల్లుకుండలా నిత్యం పులుస్తూ ఉంటుంది. అక్కడ కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు తిన్నదాన్నల్లా విరిచి మార్చేస్తాయి. వాటిని దాటి నాలుగో గదిలో కూర్చున్న పురుగుదాకా మందు చెక్కుచెదరకుండా చేరాలంటే చాలా బలం కావాలి.

మరి ఇన్ని తరాలవాళ్ళు పిచ్చివాళ్ళా? గుణం కనిపించకుండానే వాడారా? నన్ను పట్టి కుదిపిన ప్రశ్న ఇదే. జవాబు మా ఊరి పశువుల డాక్టరమ్మగారు చెప్పారు. గొర్రెకు బద్దెపురుగులూ పడతాయి, రక్తం తాగే నట్టలూ పడతాయి. బద్దెపురుగు ముక్కలు పెంటికలమీద అన్నం మెతుకుల్లా తెల్లగా కంటికి కనబడతాయి. మందు పోస్తే గజాల కొద్దీ బయటపడుతుంది, కాపరి చూసి తృప్తిపడతాడు. దానిమ్మవేరు పట్టా, పోకవక్కా నిజంగా ఆ పురుగుకు మందులే. దానిమ్మ పట్టలోంచి 1878లో ఫ్రాన్సులో తాన్రే అనే ఆయన తీసిన పెల్లెటిరీన్ మనుషుల బద్దెపురుగులకు వాడారు. వక్కలోని అరెకోలిన్‌ను ఇరవయ్యో శతాబ్దంలో కుక్కల బద్దెపురుగులకు వాడారు. కాని గొర్రెను చంపేది సాధారణంగా ఆ మెతుకుల పురుగు కాదు. చంపేదాని గుడ్లు కంటికి కనపడవు. కనబడే దొంగను పట్టుకుని తన్ని తరిమేశారు. హంతకుడు లోపలే ఉన్నాడు.

ఆ హంతకుణ్ణి మేము చూశాం. పదో గొర్రె చచ్చిన రోజున డాక్టరమ్మగారు వాళ్ళ దొడ్డి దగ్గరే దాన్ని కోసి, నాలుగో పొట్ట విప్పి, నీళ్ళు పోసి చూపించారు. రెండేసి, మూడేసి సెంటీమీటర్ల దారపు పోగులు, వందలకొద్దీ. ఎరుపూ తెలుపూ కలిపి పేనినట్టున్నాయి. ఎరుపు అది తాగిన నెత్తురు, తెలుపు దాని గర్భకోశం. హీమాంకస్ అంటారు దాన్ని శాస్త్రంలో. ఒక్కొక్కటి రోజుకు తాగేది మిల్లీలీటరులో ఇరవయ్యో వంతే. వినడానికి ఏమంత కాదు. అయిదు వేలు చేరితే రోజుకు పావు లీటరు. పాతిక కిలోల గొర్రెలో ఉండే నెత్తురంతా కలిపి లీటరున్నర. ఆడపురుగు ఒక్కొక్కటి రోజుకు అయిదు నుంచి పదివేల గుడ్లు పెడుతుంది. గొర్రె పారుకోదు, దగ్గదు. పాలిపోతుంది, దవడకింద నీటిసంచిలా వాపు దిగుతుంది, మందలో వెనకబడుతుంది, ఓ పొద్దున లేవదు. ఆ కుర్రాడు చూస్తున్నంతసేపూ ఏమీ అనలేదు. వాళ్ళమ్మ మాత్రం ‘‘ఇన్ని ఉంటే అది ఎట్ల బతుకుతదమ్మా’’ అని డాక్టరమ్మగారి చెయ్యి పట్టుకుంది.

పుస్తకంలో దీనిమీద గురిపెట్టిన మందు ఒకటి లేకపోలేదు. పొగాకు కాడ, మైలుతుత్తం కలిపిన కషాయం. ఆశ్చర్యమేమిటంటే ఇది మన పల్లెటూరి చిట్కా మాత్రమే కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో తెల్లదొరల గొర్రెల క్షేత్రాల్లోనూ మైలుతుత్తం, నికోటిను కలిపిన నీళ్ళే పోసేవారు. పనిచేసేది, నిజమే. కాని పురుగును చంపే మోతాదుకూ గొర్రెను చంపే మోతాదుకూ మధ్య ఎడం బహు తక్కువ. రాగి విషం తక్కిన పశువులకన్నా గొర్రెకే తొందరగా ఎక్కుతుంది. అంచేతే ఫినోథయజీన్ 1940 ప్రాంతాన రాగానే అందరూ దీన్ని వదిలేశారు.

అయితే ఇంగ్లీషు మందుదే పైచెయ్యి అని చప్పట్లు కొట్టేవారు కాస్త ఆగాలి. ఫినోథయజీన్‌కు పురుగులు లొంగడం మానేశాయని 1957లో తెలిసింది. 1961లో థయాబెండజోలు వచ్చింది, పిల్లల మాత్రకు అది పినతాతవంటిది. మూడేళ్ళు తిరగకుండా, 1964లో, దానికీ లొంగని హీమాంకస్ అమెరికాలో కనబడింది. ఆపైన జపాన్ మట్టిలో ఓమురా గారు పట్టుకున్న సూక్ష్మజీవినుంచి క్యాంబెల్ గారి బృందం ఐవర్‌మెక్టిన్‌కు దారి వేసింది. 1981లో అది బజారుకొచ్చింది. నోబెల్ బహుమానంలో మిగతా సగం వీరిద్దరిదే. పదేళ్ళు నిండకముందే దక్షిణాఫ్రికా గొర్రెల్లో దాన్నీ లెక్కచెయ్యని పురుగులు తయారయ్యాయి. మందలోని ప్రతి గొర్రెకూ, ప్రతిసారీ, బరువు చూడకుండా ఉజ్జాయింపుగా అదే మందు పోస్తే జరిగేది అదే. మందుకు చావని పురుగులు మాత్రం మిగులుతాయి, వాటి సంతానమే మందంతా నిండుతుంది. ఆ కుర్రాడి ఇంట్లో రెండుసార్లు పోసిన సీసా సంగతీ ఇంతేనని పెంటికల పరీక్షలో బయటపడింది. మందు పోసిన పద్నాలుగో రోజున కూడా గుడ్లు రవ్వంత తగ్గలేదు.

అంటే నూటికి 78 వంతులు పనిచేసే గింజా, మొదట్లో 99 వంతులు పనిచేసి తరువాత సున్నాకు దిగిన సీసా. ఈ రెంటిలో ఏది మేలో తేల్చమని కుర్రాడు నన్నే అడిగాడు. నేను వాళ్ళ తాతను అడిగాను. ఆయన అరుగుమీద గొంగడి కప్పుకుని కూర్చుని ఇదంతా వింటున్నాడు.

‘‘మందుదేముంది సారూ. మంచు ఆరనిదే మా నాయిన మంద ఇడువకపోయేది. పొద్దు బారెడెక్కినంకనే మేపు. ఒకతాన వారం ఉండకపోయేది. వానకాలం మొత్తం గుట్ట మీదనే’’ అన్నాడు.

దీంట్లో ఉన్నంత శాస్త్రం ఆ పుస్తకంలో లేదని నా నమ్మకం. పెంటికతో పడిన గుడ్డు తడీ, వెచ్చదనమూ ఉంటే వారం రోజుల్లో పిల్లపురుగవుతుంది. దానికి కాళ్ళు లేవు. గడ్డి ఎక్కాలంటే మంచునీటి పొర కావాలి. తెల్లవారుజామున ఆ తడిలో ఈదుకుంటూ గడ్డికొనలకు పాకుతుంది. ఎండెక్కితే మళ్ళీ కిందకు దిగుతుంది, లేదా మాడుతుంది. ఎక్కినా జానెడు ఎత్తుకు మించి పోయేది తక్కువ. పొద్దెక్కాక వదిలిన గొర్రె నోటికి సగం పురుగులు అందవు. గుట్టమీద రేగు, జమ్మి, నరికి వేసిన తుమ్మకొమ్మ మేసే గొర్రె నోటికి అసలే అందవు. పైగా తుమ్మ జాతి ఆకులో వగరుంటుంది. ఆ వగరు పదార్థాలు నట్టల బలాన్ని కొంత తగ్గిస్తాయనీ, మేతలోని మాంసకృత్తులు గొర్రెకే దక్కేలా చేస్తాయనీ దేశదేశాల్లో పరీక్షలు చూపుతున్నాయి. ఇది కూడా మొక్క వైద్యమే. కాకపోతే గొట్టంతో నోట్లో పోసేది కాదు, గొర్రె తానే నమిలేది. ముత్తాతగారు దీన్ని పుస్తకంలో వ్రాయలేదు. అది ఆయనకు మందని తెలియదు, మేత అనుకున్నాడు. మంద అలా కదులుతూ ఉన్నంతకాలం అరకొర మోతాదు మోదుగ గింజ కూడా చాలింది. మిగతా పని ఎండా, నడకా చేసిపెట్టేవి.

‘‘మరి ఇప్పుడూ అట్లాగే మేపవచ్చుగా తాతా?’’ అన్నాను.

‘‘ఏడ మేపాలె సారూ? గుట్టకు కంచె ఏసిండ్రు. బీడు ప్లాట్లయింది. మిగిలింది చెర్వు శిఖమే.’’

శిఖమంటే నీళ్ళు తీసినప్పుడు బయటపడే చెరువు లోపలి నేల. ఎప్పుడూ తడి, ఎప్పుడూ పచ్చిక. ఊళ్ళోని మందలన్నీ అక్కడే. ఒక మంద పెంటిక వేసినచోటే ఇంకొక మంద మేస్తుంది. ఇందాక బాకీ పడ్డ నత్తల సంగతి కూడా ఇక్కడిదే. గొర్రె కార్జంలో చేరే జలగపురుగు తన బాల్యమంతా నత్త కడుపులో గడిపి, బయటికొచ్చి చెరువుగట్టు గడ్డికి అంటుకుని గొర్రెకోసం కాచుకుంటుంది. నత్త లేనిచోట ఆ జలగ లేదు. ఇటు నట్టలకూ అటు నత్తలకూ శిఖమే కాపురం. అక్కడ మేపుతూ ఏ ఆకు నూరి పోసినా, ఏ సీసా విప్పి పోసినా, ఉదయం పోసిన మందుకు సాయంత్రం కొత్త పురుగులు జమ. నాటువైద్యం పోయిందని మా మిత్రులు కొందరు సభల్లో కంటతడి పెడుతూ ఉంటారు. మొక్క ఎక్కడికీ పోలేదండీ, మోదుగ ఇంకా దారి పక్కనే పూస్తోంది. పోయింది గుట్ట. దాన్ని గురించి సభ పెట్టినవారిని నేను చూడలేదు.

పెంటికల పరీక్ష కాగితం చూసి డాక్టరమ్మగారు వేరే జాతి మందు వ్రాశారు. కాని మందంతటికీ పోయనివ్వలేదు. దక్షిణాఫ్రికాలో 1990లలో తయారుచేసిన ఫామాచా అనే అట్ట ఒకటి ఆవిడ దగ్గరుంది. దానిమీద ఎరుపునుంచి తెలుపుదాకా అయిదు రంగులు. గొర్రె కింది కనురెప్ప వెనక్కి లాగి, లోపలి రంగును అట్టతో పోల్చాలి. ఎర్రగా ఉన్నది తన పురుగులతో తాను నెగ్గుకొస్తోంది, దాన్ని వదిలెయ్యాలి. పాలిపోయినవాటికే మందు, అదీ తూచి. ఏ మందలోనైనా పురుగుల్లో ఎక్కువభాగం కొద్ది జీవాల్లోనే ఉంటాయి. తక్కిన జీవాల్లో మందు ఎరుగని పురుగులు మిగిలితేనే, మందుకు లొంగే జాతి నశించిపోకుండా ఉంటుంది. ఇది వినగానే తాత నవ్వాడు. వాళ్ళ నాయన కూడా రెప్ప విప్పి చూశాకనే గొట్టం పట్టేవాడట. ‘‘మందు కర్సు గావద్దని’’ అన్నాడు. కారణం ఏదైతేనేం, పని అదే.

మిగిలిన 32 జీవాల్లో ఆ రోజు 13 పాలిపోయినవి తేలాయి. వాటిలో రెండు మందు పడ్డాక కూడా పోయాయి. తక్కినవాటిని ఎండెక్కాక మాత్రమే వదులుతున్నారు. శిఖం మాని, ఊరవతల ఒక రైతు కోసిన జొన్నచేలో మంద కట్టుకునే బేరం కుదుర్చుకున్నారు. ఆయనకు ఎరువు, వీళ్ళకు పొడినేల. పొద్దున తొమ్మిదిదాకా దొడ్లో ఉంచితే అప్పటిదాకా కోసిన మేత వెయ్యాలి, ఆ పని కుర్రాడిది. అందుకని మొదటి పీరియడుకు రావడంలేదు. అది నా పీరియడే.

పుస్తకాన్ని నేను మంచి కాగితాలమీద ఎత్తివ్రాసి ఇచ్చాను. ప్రతి మందు పక్కనా ఇప్పటి గ్రాములు, అది ఏ పురుగుకు పనికొస్తుందో డాక్టరమ్మగారు చెప్పిన మాట. మోదుగ గింజల దగ్గర పూర్తి మోతాదు వేసి, నాలుగు నక్షత్రాలు పెట్టాను. పొగాకు, మైలుతుత్తం ఉన్న పేజీలో కొలతల చోటు ఖాళీగా వదిలాను. తాత అది కనిపెట్టి, మనవడిచేత రెండుసార్లు కబురంపాడు, సారు ఒక పేజీ మరిచిండని. వచ్చే వేసవిలో మోదుగ కాయలు ఎండాక ఏరడానికి నన్నూ రమ్మన్నారు. డాక్టరమ్మగారు అప్పుడు మందను రెండుగా చేసి, ఒక సగానికి గింజల పొడి పెట్టి, ముందూ వెనుకా పెంటికలు లెక్కపెడతానన్నారు.

ఈ వ్యాసం చదివి, ఇంట్లో చంటిపిల్లలకోసం మోదుగ గింజలు నూరబోయే అమ్మమ్మలూ, నానమ్మలూ ఎవరైనా ఉంటే వారికి మనవి: ఆ మూడు గ్రాముల లెక్క గొర్రెలది. పిల్లలకు బళ్ళో ఇచ్చే మాత్ర ఉంది.